నిలవ ఉంచే తీగ

నిరుడు మాఘమాసంలో మా చెల్లెలి కొడుకు బెంగుళూరు నుంచి వస్తూ తడి కొబ్బరిపీచులో చుట్టిన రెండు వేరుముక్కలు తెచ్చాడు. "పెద్దమ్మా, ఇవి హాప్స్. లాహౌల్ లోయ నుంచి తెప్పించాను. బీరుకి చేదూ వాసనా ఇచ్చేది ఈ తీగే. నీ చేతికి ఏదైనా బతుకుతుంది కదా, చూడు" అన్నాడు. వాడు అక్కడ బీరు కాచి అమ్మే హోటల్లో పని చేస్తాడు. వాడి పని మీద నాకు గౌరవమూ ఉంది, చిరాకూ ఉంది. ఆ రెండో దాని సంగతి తర్వాత చెప్తాను.

ఉద్యోగ విరమణ తర్వాత నేను మైపాడు దగ్గర ఉంటున్నాను. ఇసుక నేల, సరుగుడు తోపులు, మధ్యమధ్య తాటిచెట్లు, సాయంత్రానికి ఉప్పుగాలి. పెద్ద కుండీలో ఎర్రమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు, కాస్త ఇసుక కలిపి, పదకొండు గంటలకల్లా నీడ పడే తూర్పుగోడ పక్కన వేరుముక్కలు పాతాను. ఒకటి కుళ్లిపోయింది. రెండోది ఫాల్గుణంలో మొలిచింది. పురికొస కడితే కుడివైపుకే చుట్టుకుంటూ పాకింది. ఎడమకి తిప్పి కడితే మర్నాటికి మళ్లీ తన దారినే పోయేది. కాండం నిండా కనపడని ముళ్లు, చేతులు గీరుకుపోయాయి. వెనక వీధిలో ఉండే ఒకామె చూసి, "ఏందమ్మా ఇది, కాకరపాదా?" అని అడిగింది. ఆకు కొంచెం అలాగే ఉంటుంది. ఇది గంజాయి కుటుంబానికి చెందిన మొక్క అని మాత్రం నేను ఆమెకి చెప్పలేదు.

మా తీగ నా గుండెల ఎత్తు దాకా వచ్చి ఆగిపోయింది. చల్లని దేశాల్లో పద్ధెనిమిది అడుగులు పాకే తీగ అది. రోజూ రెండుపూటలా నీళ్లు పోసినా, పలచటి నీడవల కట్టినా, ఏప్రిల్‌లోనే చిన్నచిన్న ఆకుపచ్చ బొడిపెల్లాంటి పూలు వేసింది. లెక్కపెట్టాను, పదకొండు. వేడికి తట్టుకోలేకపోయిందనుకున్నాను. అసలు కారణం వేడి కాదు, వెలుతురు. హాప్స్ ఎక్కువగా 35 నుంచి 55 డిగ్రీల అక్షాంశాల మధ్య పండుతుంది. అక్కడ వేసవిలో పగలు పదిహేను, పదహారు గంటలు. పగలు పొడుగ్గా ఉన్నంత కాలం తీగ ఎదుగుతుంది, పొట్టి అవుతుంటే పూస్తుంది. మన నెల్లూరు తీరంలో ఏడాదిలో అతి పొడవైన పగలు కూడా పదమూడు గంటల దగ్గరే ఆగుతుంది. పాపం, తీగకి మొలిచిన రోజు నుంచీ శరదృతువు వచ్చేసినట్టే. చలికాలం నిద్రపోతే తప్ప పూయదని చాలాకాలం చెప్పేవారు. అది నిజం కాదనీ, వెలుతురు సరిగ్గా అమరితే చాలనీ 2019లో కొలరాడో స్టేట్ యూనివర్సిటీ పరిశోధన చూపింది. దక్షిణాఫ్రికాలో జార్జ్ అనే ఊరి చుట్టుపక్కల రైతులు ఒకప్పుడు రాత్రిళ్లు తోటల్లో కరెంటు దీపాలు వెలిగించి పండించారు. తర్వాత తమ పగళ్లకి సరిపోయే రకాలు తయారుచేసుకున్నారు. కాబట్టి మనలాంటి చోట దీన్ని పెంచాలనుకునేవాళ్లు చీకటిపడ్డాక రెండు మూడు గంటలు దీపం పెట్టాలి. నేను పెట్టలేదు. కరెంటు బిల్లుకి భయపడి కాదు, అప్పటికే నా మనసు తీగ చరిత్ర మీదికి పోయింది.

హాప్స్‌లో ఆడమొక్కలూ మగమొక్కలూ వేరువేరు. చేదూ సువాసనా ఉన్న పసుపుపచ్చని పొడి ఆడపూవులోనే ఉంటుంది, అందుకని తోటల్లో మగమొక్కల్ని సాధారణంగా పీకేస్తారు. దీన్ని పట్టుకుని స్త్రీవాద వ్యాఖ్యానం చేయడం తేలికే, కానీ చెట్ల లింగాలకీ మనుషుల అధికారాలకీ అంత తిన్నగా ముడి పెట్టలేం. అసలు ముడి ఇంకోచోట ఉంది. బింగెన్ మఠానికి చెందిన హిల్డెగార్డ్ పన్నెండో శతాబ్దంలోనే ఈ మొక్క గురించి రాసింది. మనసుని దిగులుపరుస్తుంది గానీ, దీని చేదు పానీయాలు చెడకుండా కాపాడుతుందని ఆమె గమనించింది. చెడకుండా ఉండడం అంటే మన మాటలో నిలవ. దాని గురించి మన ఆడవాళ్లకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. ఉప్పు ఎంత, నూనె ఎంత, జాడీకి వాసెన ఎలా కట్టాలో మన చేతులకే తెలుసు. అయితే మన ఆవకాయ నిలవ ఉండడం వల్ల మనం ఇంట్లోనే ఉన్నాం. హాప్స్ వల్ల నిలవ ఉండడం మొదలుపెట్టిన పానీయం మాత్రం ఇంట్లోంచి బయటికి పోయింది.

ఇంగ్లండులో హాప్స్ లేని పాతకాలపు పానీయం ఏల్. కాచిన కొద్దిరోజులకే పులిసి పాడైపోయేది. అందుకే ప్రతి ఊళ్లో, దాదాపు ప్రతి వీధిలో ఎవరో ఒకావిడ కాచేది. ఇంటికి సరిపోగా మిగిలింది ఇరుగుపొరుగుకి అమ్మేది. జుడిత్ బెన్నెట్ 1996లో ప్రచురించిన పుస్తకంలో ఈ కథంతా ఉంది. 1348-49 ప్లేగు మహమ్మారికి ముందు ఈ పని ఎక్కువగా ఆడవాళ్లదే. 1600 నాటికి ఎక్కువగా మగవాళ్లది. పద్నాలుగో శతాబ్దం చివరినుంచి హాప్స్ వేసిన బీరు సముద్రం అవతలినుంచి వచ్చింది. వారాలూ నెలలూ నిలవ ఉంటుంది కాబట్టి పెద్ద కాగుల్లో కాచవచ్చు, ఓడకెక్కించవచ్చు, సైన్యానికి సరఫరా చేయవచ్చు. దానికి పెట్టుబడి కావాలి, అప్పు పుట్టాలి, పేరు మీద ఒప్పందం రాయాలి. పెళ్లయిన ఆడదానికి ఇవేవీ లేవు. ఆడవాళ్ల చేతుల్లోంచి పని లాగేసింది తీగ కాదంటుంది బెన్నెట్. ఆడవాళ్ల పని ముందునుంచీ చిన్నదిగా, చవగ్గా, అవసరానికి చేసేదిగానే ఉంది. లాభం పెరిగిన రోజున అది వాళ్లకి అందలేదంతే. ఈ మాట నాకు చాలా నచ్చింది. పోయిన స్వర్ణయుగం ఏదో ఉండేదని ఏడవనవసరం లేకుండా చేసింది.

ఆ నిలవే బీరుని మనదాకా తెచ్చింది. పద్దెనిమిదో శతాబ్దం చివరికి, హాప్స్ దండిగా వేసిన పీపాలు నెలల తరబడి ప్రయాణం చేసి కలకత్తా, మద్రాసు రేవుల్లో దిగేవి. పంతొమ్మిదో శతాబ్దంలో కాశ్మీరంలో హాప్స్ తోటలు కూడా వేశారు. ఆ బీరు తెల్లవాళ్ల కోసం. మద్రాసుకి ఉత్తరంగా ఈ తీరం పొడుగునా ఉన్నవాళ్లకి తాడి ఉంది.

తాటిలోనూ ఆడచెట్టూ మగచెట్టూ వేరే. కాకపోతే ఇక్కడ పోతుతాడినీ గీస్తారు, పెంటితాడినీ గీస్తారు. కల్లు ఏల్ లాంటిదే, నిలవ ఉండదు. తెల్లారి దింపింది సాయంత్రానికి పులిసిపోతుంది. లొట్టి లోపల సున్నం పూస్తే పులవకుండా తియ్యగా దిగుతుంది, దాన్ని కాచి బెల్లం చేస్తారు. మోకు వేసుకుని చెట్టెక్కేది మగవాడు. కింద పొయ్యి పెట్టి ఎండలో గంటలకొద్దీ కలియబెట్టేది అతని భార్య. వెనక వీధి ఆమె అలాంటి ఇంటి కోడలు. తాటిబెల్లం కాచిన రోజుల్లో పొగకి కళ్లు ఎలా పోయేవో చెప్పింది. "చెట్టు మీంచి పడి సచ్చిపోతే అందరికీ తెలిసేది, పొయ్యి కాడ పోయిన కళ్లెవరికి తెలుస్తాయమ్మా" అంది. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారని మనకో సామెత ఉంది కదా. దాని కింద పని చేసే ఆడమనిషిని ఏమంటారో ఏ సామెతా చెప్పదు.

1886 మద్రాసు అబ్కారీ చట్టంతో కల్లు గీయడానికి లైసెన్సు, చెట్టుకి పన్ను, దుకాణానికి వేలం స్థిరపడ్డాయి. పెరట్లో ఉన్న చెట్టే గానీ, దాన్ని గీయాలంటే సర్కారు అనుమతి కావాలి. అయినా కల్లుకి ఒక హద్దుంది. నిలవ ఉండదు కాబట్టి చెట్టుకి ఎంతో దూరం పోలేదు. ఆ హద్దు లేనిది సారా. మద్యనిషేధం 1937లో సేలం జిల్లాలో మొదలై 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతటికీ వచ్చింది. (1954లో ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం ఈ నిషేధం గొడవలోనే ఒక్క ఓటుతో పడిపోయింది. తాగుడు కారణంగా కాపురాలే కాదు, మంత్రివర్గాలూ కూలాయి.) 1960ల చివరికి నిషేధం సడలింది. 1980లలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం 'వారుణి వాహిని' పేరుతో సారాని ప్లాస్టిక్ పాకెట్లలో ఊరూరికీ పంపింది. చక్కెర మిల్లుల మడ్డినుంచి తీసిన స్పిరిట్‌కి నీళ్లు కలిపితే అదే సారా. దానికి చెట్టు లేదు, రుతువు లేదు, పులవడం లేదు. జేబులో పట్టే నిలవ సరుకు. రాష్ట్రానికి ఎక్సైజు ఆదాయం 1970-71లో 39 కోట్లు, 1991-92కి 800 కోట్లు దాటింది.

తర్వాత జరిగింది ఈ పత్రిక చదివేవాళ్లకి చెప్పనవసరం లేదు. అక్షరాస్యతా ఉద్యమం, చదువుకునే పుస్తకంలో సీతమ్మ కథ, దూబగుంటలో రోశమ్మా ఆమెతోటి ఆడవాళ్లూ మూయించిన సారా దుకాణం, 1992లో నెల్లూరులో మళ్లీమళ్లీ వాయిదా పడిన వేలం పాటలు, 1993 అక్టోబరు నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం, 1997లో దాని సడలింపు. అన్వేషి వాళ్లు 1993లో రాసిన వ్యాసం ఇప్పటికీ నా దగ్గరుంది. వాళ్లంతా వేలాన్ని ఎందుకు పట్టుకున్నారో నాకు హాప్స్ చదివాకే ఇంకాస్త అర్థమైంది. మొగుణ్ణి తాగొద్దని బతిమాలడం పాత పనే. కాపురంలోకి సరుకు వచ్చే దారిని, ఆ దారి మీద కూర్చున్న కాంట్రాక్టరునీ కలెక్టరునీ నిలదీయడం కొత్త పని.

ఆ ఏడాది నేను నెల్లూరులో పాఠాలు చెప్పేదాన్ని. మా ఇల్లు పల్లెలో. మా నాన్న సారా ముట్టలేదు. ఆయనది బ్రాందీ సీసా, బీరువాలో బట్టల వెనక ఉండేది. రాత్రి తొమ్మిదికి తలుపు మూసుకుని తాగేవాడు. కొట్టేవాడు కూడా. మర్నాడు అమ్మ పైట చెంగు చెంప దాకా లాక్కుని ముగ్గేసేది. ఆయన్ని ఊళ్లో ఎవరూ తాగుబోతు అనలేదు. ఆ సెప్టెంబరులో వాడవాళ్లు వచ్చి, ఊరేగింపుకి రమ్మని అమ్మని పిలిచారు. "చాలా మంచి పని చేస్తా ఉండారు, కానీండి" అంది అమ్మ. మా ఇంట్లో అంట్లు తోమే ఆమె గుంపులోంచి ముందుకొచ్చి, "మరి అయ్యగారి సీసా సంగతేందమ్మా?" అని అడిగింది. ఎగతాళిగా కాదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టు. అమ్మ ఏమీ అనలేదు. వాళ్లకి మజ్జిగ ఇచ్చి పంపింది. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. నేనూ ఏమీ అనలేదు. ఉద్యమం గురించి తరగతిలో ఎన్నిసార్లు చెప్పానో, ఈ ఒక్క సంగతీ ఎన్నడూ చెప్పలేదు.

నా చిరాకు అందుకే. మా చెల్లెలి కొడుకు కాచేది కళ. వెనక వీధి ఆమె మామ దింపింది మత్తు. వాడి గ్లాసు మీద హాప్స్ రకం పేరు, పండిన లోయ పేరు అచ్చువేస్తారు. ఆమె కాచిన బెల్లానికి పేరే లేదు. ఈ మాట ఫోనులో అంటే వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మా దగ్గర కాచే పనిలో ఒక్క ఆడమనిషీ లేదు పెద్దమ్మా, ఎప్పుడూ ఆలోచించలేదు" అన్నాడు. వాడితో నాకు ఇంతవరకూ ఉన్న పేచీ సగం తీరింది. సగం ఉంది.

పదకొండు పూలూ కోశాను. ఒకటి నలిపితే వేళ్లకి పసుపుపచ్చని పొడి, నిమ్మాకూ పచ్చిగడ్డీ కలిసినట్టు వాసన. మిగిలినవి కాగితంలో పొట్లం కట్టి వాడికి పంపాను. రోహిణీకార్తెలో తీగ ఎండిపోయింది. మళ్లీ చిగురిస్తుందేమోనని వానల దాకా కుండీ కదపలేదు. ఆశ్వయుజంలో వెనక వీధి ఆమె వచ్చి, కుండీ ఊరికే ఉంది కదా అని నిజం కాకరగింజలే నాలుగు గుచ్చి వెళ్లింది. వేరు ఇంకా లోపలే ఉందో లేదో నేను తవ్వి చూడలేదు.