పెల్లాగ్రా: కంచంలోని లోటు చర్మం మీద

స్పెయిన్ ఉత్తర తీరంలోని ఆస్టూరియాస్ ప్రాంతంలో, ఒవియేదో పట్టణంలో గాస్పర్ కసాల్ అనే వైద్యుడు ఉండేవాడు. 1735లో ఆయన చుట్టుపక్కల పల్లెల పేద రైతుల్లో ఒక వ్యాధిని గమనించి, దాని లక్షణాలను ఓపికగా రాసిపెట్టుకున్నాడు. చేతుల వెనుకవైపు, పాదాల పైభాగం మొదట ఎర్రబడతాయి. తర్వాత చర్మం నల్లబడి, మందమై, పొలుసులు లేస్తుంది. కొందరికి మెడ చుట్టూ కూడా అదే పట్టీ, గీత గీసినట్టు అంచుతో కనిపిస్తుంది. ఆ పట్టీని వైద్యగ్రంథాలు నేటికీ కసాల్ హారం అనే పిలుస్తాయి. ఈ రోగులు ప్రధానంగా మొక్కజొన్న తిని బతికేవారనీ, వారికి మాంసం దొరకడం అరుదనీ కూడా ఆయన రాశాడు. అయినా వ్యాధిని కుష్ఠు జాతిలో చేర్చాడు. ఆయన గ్రంథం వెలువడింది 1762లో, ఆయన చనిపోయిన మూడేళ్లకు.

1771లో ఇటలీ వైద్యుడు ఫ్రాన్సెస్కో ఫ్రాపోల్లి దీనికి పెల్లాగ్రా అనే పేరును స్థిరపరిచాడు. మొక్కజొన్నకూ వ్యాధికీ ఏదో సంబంధం ఉందని అక్కడ చాలామందికి తెలుసు. ఆ సంబంధం ఏమిటన్నదే తేలలేదు. బూజుపట్టిన గింజల్లోని విషమే కారణమని మరో ఇటలీ వైద్యుడు చేజారే లొంబ్రోసో గట్టిగా వాదించాడు. కానీ మెక్సికో ప్రజలు వేల ఏళ్లుగా ఆ గింజ మీదే బతికారు, వారిలో ఈ జబ్బు సామాన్యం కాలేదు. వాళ్లు గింజను సున్నపు నీటిలో ఉడికించి, నానబెట్టి, ఆ తర్వాతే రుబ్బేవారు. ఆ పద్ధతి వల్ల గింజలో బందీగా ఉన్న నయాసిన్ అనే విటమిన్ శరీరానికి అందేది. యూరప్ మొక్కజొన్నను తెచ్చుకుంది గాని, వండే పద్ధతిని అక్కడే వదిలేసింది.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో పెల్లాగ్రా విజృంభించింది. పత్తి కౌలుదార్లు, మిల్లు కూలీలు, అనాథ పిల్లలు, మానసిక చికిత్సాలయాల్లోని రోగులు దీని బారిన పడ్డారు. ఇది అంటువ్యాధి అని చాలామంది నిపుణులు నమ్మారు. 1914లో ప్రభుత్వ ఆరోగ్యశాఖ ఈ పరిశోధనను వైద్యుడు జోసెఫ్ గోల్డ్‌బెర్గర్‌కు అప్పగించింది. ఆయన చికిత్సాలయాలకు వెళ్లి చూస్తే, రోగులకు పెల్లాగ్రా ఉంది, రాత్రింబవళ్లు వారితో ఉండే నర్సులకూ పరిచారకులకూ లేదు. అంటుకునే జబ్బయితే అలా మనుషుల్ని ఏరుకుని రాదు. ఇద్దరికీ ఉన్న తేడా తిండిలోనే ఉందని ఆయనకు తోచింది. మిసిసిపీలోని అనాథాశ్రమాల్లో పాలు, గుడ్లు, మాంసం పెట్టించాడు. వ్యాధి వెనక్కి తగ్గింది.

మరుసటి ఏడాది అదే రాష్ట్రంలోని రాంకిన్ జైలు పొలంలో ఎదురు పరీక్ష పెట్టాడు. శిక్ష మాఫీ చేస్తామన్న మాట మీద ముందుకొచ్చిన ఖైదీలకు నెలల తరబడి మొక్కజొన్న, బియ్యం, చక్కెర, చిలగడదుంపల వంటి తిండే పెట్టారు. చివరిదాకా నిలిచిన 11 మందిలో ఆరుగురికి పెల్లాగ్రా మచ్చలు తేలాయి. స్వేచ్ఛను ఎర చూపి ఖైదీల శరీరాల్ని వాడుకోవడం తప్పే. ఆ పరీక్ష నిరూపించిన సత్యం దాన్ని కడిగేయలేదు. అయినా అంటువ్యాధి వాదం తగ్గలేదు. దాంతో 1916లో గోల్డ్‌బెర్గర్, ఆయన సహచరులు రోగుల రక్తాన్ని ఎక్కించుకున్నారు, వారి చర్మపు పొలుసుల్నీ మలమూత్రాల్నీ మాత్రల్లా చేసి మింగారు. ఆయన భార్య మేరీ కూడా ఒక రోగి రక్తాన్ని ఎక్కించుకున్నారు. ఎవరికీ పెల్లాగ్రా రాలేదు.

ఎడ్గార్ సైడెన్‌స్ట్రికర్‌తో కలిసి దక్షిణ కరొలైనా మిల్లు గ్రామాల్లో ఆయన చేసిన సర్వే నా దృష్టిలో ఇంకా విలువైనది. ఆదాయం తగ్గేకొద్దీ పెల్లాగ్రా పెరుగుతుందని అది లెక్కలతో చూపింది. అందని పోషకం ఏదో తెలియకుండానే ఆయన 1929లో మరణించారు. 1937లో అమెరికా శాస్త్రవేత్త కాన్రాడ్ ఎల్వెహెమ్ కుక్కల్లో ఇలాంటి వ్యాధిని నికోటినిక్ ఆమ్లం, అంటే నయాసిన్, నయం చేస్తుందని కనిపెట్టాడు. త్వరలోనే మనుషుల్లోనూ అదే రుజువైంది.

అసలు మొక్కజొన్నే ముఖ్యాహారం కాని దక్కన్‌లోనూ పెల్లాగ్రా కనిపించింది. ఇక్కడి పేదల తిండి జొన్న: రొట్టె, సంకటి, గటక. కూనూరులోని పోషకాహార పరిశోధనశాల 1950ల చివర హైదరాబాద్‌కు మారింది. అదే నేటి జాతీయ పోషకాహార సంస్థ. జొన్నలోని ప్రోటీన్‌లో లూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువనీ, అది శరీరంలో నయాసిన్ తయారీని చెడగొడుతుందనీ అక్కడి సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా 1960లో లాన్సెట్ పత్రికలో ప్రతిపాదించారు. తర్వాతి పరిశోధకుల్లో కొందరు దాన్ని ఒప్పుకోలేదు, ఆ చర్చ చాలాకాలం సాగింది. కానీ మన కూలీల చేతుల మీది మచ్చల నుంచి వారి కంచం దాకా వెళ్లిన శాస్త్రం మన నేల మీదే పుట్టిందన్నది మరువరానిది. జొన్నను దోషిగా నిలబెట్టనక్కర్లేదు. పప్పు, ఆకుకూర, పాలు పక్కన ఉన్న జొన్నరొట్టె మంచి భోజనమే. ఏమీ తోడు లేని ఒంటి గింజ తిండే ప్రమాదం.

మన దగ్గర ఈ జబ్బు ఇప్పుడు అరుదు, అందుకే కళ్లెదుట ఉన్నా పోల్చుకోలేకపోయే ప్రమాదం ఉంది. మచ్చలు ఎండ తగిలే చోటే, శరీరానికి రెండు వైపులా ఒకేలా వస్తాయి, అంచు స్పష్టంగా ఉంటుంది. కుష్ఠు మచ్చలా స్పర్శ పోదు. వీటితో పాటు నాలుక ఎర్రగా పుండు పడటం, విరేచనాలు, నిద్ర పట్టకపోవడం, మతి తప్పడం ఉండవచ్చు. చికిత్స లేకపోతే ప్రాణం పోతుంది. నయాసిన్‌కు మరో రూపమైన నికోటినమైడ్ అందితే మతి భ్రమ కొద్ది రోజుల్లోనే తగ్గడం మొదలవుతుంది. చర్మం మానడానికి వారాలు పడుతుంది.

మద్యానికి బానిసై తిండి మానేసినవారిలోనూ, క్షయకు ఐసోనియజిడ్ వాడుతూ సరైన ఆహారం లేనివారిలోనూ పెల్లాగ్రా నేటికీ కనిపిస్తుంది. క్షయ మందును ఎవరూ సొంతంగా ఆపకూడదు, డాక్టరుకు చూపించాలి. ఆశా కార్యకర్తలకూ, పల్లె వైద్యసిబ్బందికీ నా మనవి ఒక్కటే: ఇలాంటి మచ్చ కనబడితే పూత మందు రాసి పంపకండి, ఇంట్లో ఏం వండుకుంటున్నారో అడగండి, పెద్దాసుపత్రికి పంపండి.