ఇరుసు కొలత - రైలు గేజి: దౌల్తాబాద్, తాండూరు ప్రాంత రవాణా చరిత్రలో చక్రాల మధ్య వెడల్పు

వాహనపు ఎడమ, కుడి చక్రాల మధ్య దూరం పైకి యంత్రశాస్త్రానికి మాత్రమే సంబంధించిన కొలతగా కనిపిస్తుంది. కాని ఒక ప్రాంతపు సరుకు ఏ దిక్కుకు సులువుగా పోగలదో, ఎక్కడ దించి మళ్లీ ఎత్తవలసి వస్తుందో నిర్ణయించడంలో దాని పాత్ర చిన్నది కాదు. నేటి వికారాబాద్ జిల్లాలోని దౌల్తాబాద్, తాండూరు ప్రాంతం ఆధారంగా ఈ అంశాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

దౌల్తాబాద్ మీదుగా రైలు మార్గం లేదు. పూర్వం ఇటువంటి గ్రామాల సరుకుకు ఎడ్లబండే ఆధారం. రేగడి నేలలో బండ్లు నడిచిన కొద్దీ రెండు గాళ్లు లోతుగా పడతాయి. ఇరుసు పొడవు ఆ గాళ్లకు సరిపోని బండి ఒక చక్రం గాడిలో, ఒక చక్రం గట్టుమీద నడిచి ఒరుగుతుంది. కాబట్టి ఒక ప్రాంతపు వడ్రంగులు ఇంచుమించు ఒకే కొలత పాటించక తప్పదు. 'గాడి తప్పడం' అనే పలుకుబడి వెనుక ఉన్నది ఈ అనుభవమే కావచ్చు.

వాహన స్థిరత్వానికి మూలసూత్రం సరళమైనది. చక్రాల మధ్య వెడల్పులో సగాన్ని గురుత్వకేంద్రపు ఎత్తుతో భాగిస్తే వచ్చే నిష్పత్తి ఎంత ఎక్కువైతే, మలుపులో వాహనం బోల్తా పడే అవకాశం అంత తక్కువ. మోటారుకారుకూ, రైలుపెట్టెకూ ఇది సమానంగా వర్తిస్తుంది. భారతీయ బ్రాడ్‌గేజి 1676 మిల్లీమీటర్లు, మీటర్‌గేజి 1000. గురుత్వకేంద్రపు ఎత్తు, మలుపు ఒకటే అయితే బ్రాడ్‌గేజి వాహనం సుమారు 30 శాతం ఎక్కువ వేగాన్ని తట్టుకోగలదు. అయితే వెడల్పుకు మూల్యం ఉంది: మలుపులో బయటి చక్రం లోపలి చక్రం కంటే మరింత ఎక్కువ దూరం పోవాలి, వంతెనలకూ కట్టలకూ ఖర్చు పెరుగుతుంది. 1881లో పూర్తయిన డార్జిలింగ్ కొండరైలుకు రెండడుగుల గేజి ఎంచుకోవడానికి కారణం ఇదే.

ఈస్టిండియా కంపెనీ డైరెక్టర్లు ఇంగ్లండులోని 4 అడుగుల 8½ అంగుళాల కొలతను కోరగా, డల్హౌసీ ఆరడుగులు కోరాడు. చివరకు 5 అడుగుల 6 అంగుళాలు స్థిరపడింది. 1870లో మేయో కాలంలో పొదుపు కోసం మీటర్‌గేజి ప్రవేశించింది. అయినా వాడి నుంచి తాండూరు, వికారాబాద్‌ల మీదుగా సికింద్రాబాద్‌కు 1874లో ప్రారంభమైన నిజాం మార్గం బ్రాడ్‌గేజిలోనే వచ్చింది. వాడి వద్ద బొంబాయి మార్గంతో కలవడం, సికింద్రాబాద్ సైనిక స్థావరం కావడం ఇందుకు ప్రధాన కారణాలుగా భావించవచ్చు. సరిగ్గా ఆ కాలంలోనే వాయవ్య సరిహద్దు మార్గాలను కూడా సైనికావసరం దృష్ట్యా మీటర్‌గేజి నుంచి బ్రాడ్‌గేజికి మార్చారు.

ఈ నిర్ణయం వల్ల తాండూరు సరుకు బొంబాయి వైపు పెట్టె మారకుండా పోగలిగింది. మన్మాడ్ మార్గం మాత్రం మీటర్‌గేజి. కనుక నిజామాబాద్ వైపు వెళ్లే మూటను సికింద్రాబాద్‌లో దించి మళ్లీ ఎత్తాలి. ఒకే రాజ్యంలోని పొరుగు జిల్లా కంటే సముద్రతీరపు రేవు, ఈ ఒక్క విషయంలో, దగ్గరైంది! కొడంగల్, తాండూరు తాలూకాలు 1956 వరకు గుల్బర్గా జిల్లాలో ఉండేవని గుర్తుంచుకుంటే ఈ పడమటి మొగ్గు మరింత స్పష్టమవుతుంది.

1992లో ఒకే గేజి విధానం వచ్చాక మహబూబ్‌నగర్, నిజామాబాద్ మార్గాలను వెడల్పు చేశారు. తాండూరు మార్గానికి ఆ అవసరం రాలేదు. దౌల్తాబాద్ సరుకు మాత్రం రైలెక్కాలంటే నేటికీ ముందు రోడ్డు వాహనం ఎక్కవలసిందే.