కోఠీ భవనము – కాగితముపై నిలిచిన ఇల్లు

ఇల్లు కట్టదలచినవాడు పునాది త్రవ్వుటకు ముందే దానిని కాగితముపై కట్టుకొనును. గోడలు కూలిన పిదప కూడ ఆ కాగితము మిగిలినచో ఇంటి రూపము మిగులును. గ్రామ లెక్కలతోను, పొలముల పటములతోను కాలము గడుపు నావంటివానికి ఇది నిత్యానుభవము. దీనికి హైదరాబాదు నగరమున కోఠీలోని రెసిడెన్సీ భవనము చక్కని నిదర్శనము. ఆ పేటకు కోఠీ యను పేరు వచ్చినదే ఈ భవనము వలన.

ఈస్టిండియా కంపెనీ పక్షమున జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ 1798 మొదలు 1805 వరకు నిజాము ఆస్థానమున రెసిడెంటుగా నుండెను. మూసీనదికి ఉత్తరపుటొడ్డున స్థలము కావలెనని ఆయన రెండవ నిజామైన నిజాం అలీఖానును కోరెను. సర్ జాన్ మాల్కమ్ చెప్పిన వృత్తాంతము ప్రకారము, ఆ స్థలమును కొలిపించి, పెద్ద కాగితముపై పటము వ్రాయించి ప్రభువు ముందుంచగా, ఆయన శ్రద్ధగా చూచి నిరాకరించెను. ఖిన్నుడైన రెసిడెంటుతో మీర్ ఆలం నవ్వుచు, ప్రభువు చూచిన రాజ్యపటములే ఇంచుమించు అంత యుండుననియు, అందుచేతనే ఆయన బెదరెననియు చెప్పెను. అదే స్థలమును చిన్న అట్టముక్కపై గీసి చూపినంతనే నిజాము సంతోషముతో సమ్మతించెను.

ఇది నవ్వి విడువదగిన కథ కాదు. రెండు పటములందును భూమి ఒక్కటే. మారినది స్కేలు మాత్రమే. పటము చేత బట్టినవాడు గీతలకంటె ముందు స్కేలును చూడవలెను. అది చూడక వ్రాలు చేసినవాడు రాజైనను రైతైనను ఒక్కటే.

మద్రాసు ఇంజనీర్ల దళమునకు చెందిన లెఫ్టినెంటు శామ్యూల్ రసెల్ ఈ భవనమునకు రూపకల్పన చేసెను. 1803 ప్రాంతమున పని ఆరంభమయ్యెను. ముందుభాగమున ఆరు ఎత్తయిన కొరింథియన్ స్తంభములు, విశాలమైన మెట్లు, వాని కిరుప్రక్కల సింహములు గలవు. కిర్క్‌పాట్రిక్ 1805లో కలకత్తాలో మరణించెను. ఆయన భార్య ఖైరున్నీసా బేగము నివసించిన రంగమహలు తరువాతి కాలమున పడగొట్టబడినది. ఘోషాలోని ఆ ఇల్లాలు చూచుటకై ప్రధాన భవనమునకు ఒక చిన్న నమూనాను తోటలో కట్టించెనని చెప్పుదురు. రంగమహలు పోయినది, ఆ నమూనా నిలిచినది!

1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాను, మౌల్వీ అల్లాఉద్దీను నాయకత్వమున జనులు ఈ రెసిడెన్సీపై దాడి చేసిరి. 1949లో ఇందు మహిళా కళాశాల ప్రవేశించెను; నేడది చాకలి ఐలమ్మ పేర మహిళా విశ్వవిద్యాలయము. శిథిలమగుచున్న భవనమును 2002లో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండు తన ఆపన్న కట్టడముల జాబితాయందు చేర్చగా, పిమ్మట మరమ్మతులు జరిగెను. ఇట్టి పనులందు పూర్వరూపమును తెలుపునవి పాత పటములు, కొలతలు, గ్రిండ్లే వంటివారు గీసిన చిత్రములే.

మన మందమర్రి వాసులకు పటము విలువ వేరుగ చెప్పనక్కరలేదు. త్రవ్వి విడిచిన పాత గనికి సరియైన పటము లేనిచో, ప్రక్కన బొగ్గు త్రవ్వువారి ప్రాణములకే ముప్పు. ఇండ్లు పోయినచో ప్రాణము పోదు గాని, ఊరి జ్ఞాపకము పోవును.

కావున చదువరులకు నా మనవి. మీ పెట్టెలలో చెదలు పట్టుచున్న పాత ఇండ్ల పటములను, పొలముల టిప్పణములను మన గ్రంథాలయమునకు చూపుడు. నకలైనను ఇందు భద్రపరుపుడు. పటము లేని పాత ఇండ్లను, నిలిచియున్నప్పుడే టేపు పట్టి కొలువుడు. కాగితముపై ఉత్తరదిక్కు, స్కేలు, సంవత్సరము మరువక వ్రాయుడు. గ్రంథాలయమనగా అచ్చుపుస్తకముల బీరువా మాత్రమే కాదు. అది ఊరి దస్తావేజు కూడ.