అడంగల్‌లో కనపడని రైతు

2011 సార్వాకి ధవళేశ్వరం నుంచి కాలువల్లో నీళ్లు వచ్చాయి. అమలాపురం చుట్టుపక్కల, ముఖ్యంగా సముద్రం వైపు మండలాల్లో, వేలాది ఎకరాల్లో ఆకుమళ్లు మాత్రం పడలేదు. నీళ్లు లేక కాదు, వరదొచ్చీ కాదు. రైతులే కూర్చుని మాట్లాడుకుని ఈ ఏడు వరి వెయ్యం అన్నారు. క్రాప్ హాలిడే పేరుతో కోనసీమ దేశమంతా పత్రికలకెక్కింది.

ఆ కోపం ఒక్క రోజులో పుట్టింది కాదు. 2010 డిసెంబరు వానలకు కోతకొచ్చిన చేలు నీళ్లలో పడుకున్నాయి. రంగు మారిన ధాన్యం కొనేవాడు లేడు. ఆ తర్వాత దాళ్వా బాగానే పండినా ధర లేదు. సాధారణ రకానికి మద్దతు ధర క్వింటాలుకు 1,000 రూపాయలు ఉండేది, 2011-12కి 1,080 చేశారు. మిల్లరు ఆడించిన బియ్యంలో పెద్ద వాటా లెవీ కింద ప్రభుత్వానికి పోయేది. బాస్మతి కాని బియ్యం ఎగుమతి మీద 2007-08 నుంచి నిషేధం. గోదాముల్లో పాత బియ్యం కదలకపోతే కొత్త ధాన్యం ఎవరు కొంటారు? ఢిల్లీలో తీసుకున్న నిర్ణయం మా కల్లాల్లో బస్తా ధరను ఎలా పడేస్తుందో ఆ ఏడు ప్రతి ఇంట్లోనూ తెలిసింది. సెప్టెంబరులో నిషేధం ఎత్తేశారు. అప్పటికి ఊడ్పుల కాలం దాటిపోయింది.

మురుగు కాలువల సంగతి మావాళ్లు అడక్కుండానే చెబుతారు. గుర్రపుడెక్క తీయరు, తూడు తీయరు, సముద్రం పోటు మీదుంటే పల్లపు చేల నీరు దిగదు. ప్రభుత్వం విశ్రాంత ప్రధాన కార్యదర్శి మోహన్ కందా ఆధ్వర్యంలో కమిటీ వేసింది. వాళ్లు వచ్చారు, విన్నారు, నివేదిక ఇచ్చారు.

అయితే క్రాప్ హాలిడే సభల్లో వేదిక మీద గట్టిగా మాట్లాడినవాళ్లలో చాలామంది భూమి ఉన్నవాళ్లు. దమ్ము చేసేదీ, ఎరువుకు అప్పు తెచ్చేదీ, మాసూళ్లయ్యాక భూస్వామి ఇంటికి బస్తాలు తోలేదీ ఎక్కువగా కౌలుదార్లు. చేను ఖాళీగా పెడితే పట్టాదారుకు పోయేది ఆ ఏటి కౌలు. కౌలుదారుకు పోయేది ఆ ఏటి తిండి. ఆ లెక్క తేడాను అప్పట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదని నా అభిప్రాయం.

ఈ తేడాకు చరిత్ర ఉంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక, గన్నవరం అక్విడక్టు మీదుగా వైనతేయ దాటి నీళ్లు వెళ్లాక, ఈ లంకల్లో నేల విలువ మారిపోయింది. మా వైపు అగ్రహారాలు ఎక్కువ. ఈనాందారు పట్నంలోనో కాశీలోనో ఉన్నా సేద్యం ఆగేది కాదు, చేసేవాడు వేరే ఉండేవాడు. స్వాతంత్ర్యం వచ్చాక 1948 చట్టం ఎస్టేట్లను తీసేసింది, 1956 చట్టం ఈనాములను రైత్వారీలోకి మార్చింది. ఆ రెండూ పెద్ద పనులే, కాదనను.

కౌలుకు సంబంధించింది కూడా 1956లోనే వచ్చింది. ఆంధ్ర కౌలు చట్టం ప్రకారం కనీసం ఆరేళ్లు కౌలు ఇవ్వాలి, కౌలు ఇంతకు మించకూడదు. 1974 సవరణ ఇంకా ముందుకెళ్లింది: గడువు తీరినా కౌలుదారును సులువుగా తీయడానికి లేదు, భూమి అమ్మదలిస్తే ముందు అతన్నే అడగాలి. కాగితం మీద ఇంతకన్నా మంచి చట్టం ఉండదు. ఊళ్లో జరిగింది వేరు. భూమి పోతుందన్న భయంతో పట్టాదార్లు కౌలు రాయడమే మానేశారు. అంతా నోటిమాటే. ఏటేటా కౌలుదారును మార్చేవాళ్లూ ఉన్నారు, ఒకే చేను ముప్ఫై ఏళ్లుగా చేస్తున్నా ఏ పుస్తకంలోనూ పేరు లేనివాళ్లూ ఉన్నారు. కౌలుదారును కాపాడబోయిన చట్టమే అతన్ని దాచేసింది.

ఒకప్పుడు ఊళ్లో కరణం ఉండేవాడు. ఆయన గుణదోషాలు అలా ఉంచితే, ఏ చేను ఎవరు చేస్తున్నారో ఆయనకు నోటికి తెలుసు, ఊరి సాగు లెక్కల పుస్తకమైన అడంగల్‌లో సాగుదారు గడి రాసే కలం ఆయనదే. 1984లో కరణాలు, మునసబులు పోయారు. ఆ గడిలో పట్టాదారు పేరు దించేయడం క్రమంగా అలవాటైంది. బ్యాంకు పంట రుణం, బీమా, నష్టపరిహారం, అన్నీ ఆ పేరు వెంటే నడిచాయి.

క్రాప్ హాలిడే ఏడాదే, 2011లో, రాష్ట్రం మరో చట్టం తెచ్చింది. కౌలుదారుకు ఏడాది చెల్లే రుణ అర్హత కార్డు ఇస్తారు, దాంతో భూమి మీద హక్కేమీ రాదు. కార్డులు వచ్చాయి. కార్డు చూపించిన ప్రతివాడికీ బ్యాంకులో అప్పు మాత్రం పుట్టలేదు, ఎందుకంటే అదే చేను మీద పట్టాదారు అప్పటికే రుణం తీసుకుని ఉండేవాడు. 2019లో దాని స్థానంలో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది: పదకొండు నెలల ఒప్పందం, దాని మీద భూయజమాని సంతకం. మళ్లీ కథ సంతకం దగ్గరే ఆగింది. పీఎం కిసాన్ 6,000 రూపాయలు భూమి ఉన్న కుటుంబానికే. అదే ఏడు రాష్ట్రం మొదలుపెట్టిన రైతు భరోసా కౌలుదార్లను చేర్చుకుంది గాని, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ వర్గాల వాళ్లనే. మిగతా కులాల పేద కౌలుదార్లు బయటే ఉండిపోయారు.

2022లో కోనసీమ జిల్లా అయింది. ఆ తొలకరికే పంట విరామం మాట మళ్లీ వినిపించింది. మురుగు కాలువలు, ధాన్యం డబ్బులు, అవే ఫిర్యాదులు.

ధర, ఎగుమతి మన చేతిలో లేవు. సంతకం ఉంది. హైదరాబాదులోనో అమెరికాలోనో ఉండి ఇక్కడ నాలుగెకరాలు కౌలుకిచ్చినవాళ్లకు ఊరివాడిగా నా మనవి ఇదే: పదకొండు నెలల కాగితం మీ పట్టాను కదపదు, ఆ మాట చట్టంలోనే ఉంది. ఈ సార్వాకి నీళ్లు వదిలేలోపు ఆ కాగితం మీద సంతకం పెట్టండి, పంట నమోదు జరిగే ఈ-క్రాప్‌లో చేసేవాడి పేరు రాయనివ్వండి.