చెవికి గాలి – మూడు తరాల కిటుకు

ఢిల్లీలో దిగే విమానాలు చాలావరకు మా వసంత్ కుంజ్ మీదుగానే వెళ్తుంటాయి. దిగేటప్పుడు చెవులు దిబ్బడ వేయడం మనందరం ఎరిగిందే. దీనికి విరుగుడు కనిపెట్టిన కథలో వైద్యుడూ ఉన్నాడు, పైలట్టూ ఉన్నాడు.

ముక్కు, నోరు మూసి ఊదితే నడిచెవిలోకి గాలి పోతుందని ఇటలీ వైద్యుడు వల్సాల్వా 1704లో రాశాడు. చెవిలో చీము తీయడం ఆయన ఉద్దేశం. మనలో చాలామంది చేసేది ఇప్పటికీ అదే.

నిట్టనిలువునా కిందికి దూకే బాంబర్ విమానంలో అలా ఊదడం కష్టం. జర్మన్ చెవి వైద్యుడు ఫ్రెంజెల్ 1938లో ఇంకో ఉపాయం చెప్పాడు. ముక్కు పట్టుకొని, గొంతు మూసి, నాలుకనే పిస్టన్‌లా వాడాలి. ఛాతీతో పనిలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో పైలట్లకు ఇది నేర్పారు.

నేడు ఊపిరి బిగబట్టి తలకిందులుగా మునిగేవాళ్లకు ఇదే ఆధారం. 10 మీటర్ల లోతులో ఒత్తిడి రెట్టింపై గాలి సగమవుతుంది. 30 మీటర్లలో పావువంతే మిగులుతుంది. పైగా తల కింద, ఊపిరితిత్తులు పైన! గాలి చెవివైపు దిగదు. ఇటలీ వైమానిక అధికారి బూకెర్ 1949లో ఒక్క గుక్కతో ఆ 30 మీటర్లూ దిగాడు.

1971 డిసెంబరులో విశాఖ దగ్గర మునిగిన ఘాజీ కోసం దిగిన మన నేవీ డైవర్లకు శ్వాస పరికరాలున్నాయి. చెవి నియమం మాత్రం మారదు. కర్ణభేరి చిల్లుపడితే చన్నీళ్లు లోపలికి పోయి, కళ్లు తిరిగి, పైకి దారేదో తెలియదు.

కాబట్టి నొప్పి రాకముందే గాలి పంపాలి. వస్తే వెనక్కి తిరగాలి. జలుబుంటే అసలు దిగొద్దు. శత్రువుతో పంతం పట్టొచ్చు గానీ, చెవితో కాదు.