ఎండ్రకాయ ఉప్పు లెక్క

మా చిత్తూరు వైపు పీతని ఎండ్రకాయ అంటారు. వరిమడి గట్లకి బొక్కలు పెట్టి నీళ్ళు పక్క మడిలోకి వదిలేస్తుందని రైతులు తిట్టుకునే ప్రాణి. జీవకణం గురించి ఇరవయ్యో శతాబ్దం తెలుసుకున్న ఒక పెద్ద సంగతి మాత్రం దీని చుట్టాల నరాల్లోంచే బయటపడింది. ఆ చరిత్రలో తిరుపతికీ ఒక పేజీ ఉంది.

1957లో డెన్మార్క్‌లోని ఆర్హుస్‌లో యెన్స్ స్కౌ అనే వైద్యుడు సముద్రపు పీతల కాళ్ళ నరాలు నూరి పరీక్షించాడు. ఏటీపీని విడగొట్టే ఎంజైమ్ ఒకటి కనిపించింది. సోడియం, పొటాషియం రెండూ ఉంటేనే అది జోరుగా పనిచేసింది. కణంలోని సోడియాన్ని బయటికి తోడే పంపు ఇదేనేమో అనిపించినా, వ్యాసం శీర్షికలో ‘పంపు’ అన్న మాట వాడడానికి జంకాడు. మరుసటి ఏడు వియన్నాలో రాబర్ట్ పోస్ట్ అనే అమెరికన్ శాస్త్రవేత్త అడిగాడు: ఊబైన్ దీన్ని ఆపుతుందా? గన్నేరు కుటుంబపు మొక్కల్లో దొరికే ఆ విషం పంపుని ఆపుతుందని అప్పటికే తెలుసు. స్కౌ తన ల్యాబుకి కబురు చేసి చూపించాడు. ఎంజైమ్ ఆగింది. 1997లో నోబెల్ వచ్చింది.

ఈ పంపు ఇంధనమైన ఏటీపీని 1929లో కనిపెట్టినవాళ్ళలో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి ఆయన, జర్మనీలో లోమన్, ఒకే ఏడాది ఆ పదార్థాన్ని పట్టుకున్నారు.

పంపు రూపం చూడడానికి యాభై ఏళ్ళు పట్టింది. 2007లో ఆర్హుస్ బృందమే పంది మూత్రపిండం నుంచి, 2009లో జపాన్‌లో తొయోషిమా బృందం సొరచేప నుంచి దాని స్ఫటికాలు తీసి నిర్మాణం చూపించారు. సుమారు వెయ్యి అమినో ఆమ్లాల ఆల్ఫా గొలుసు పొరని పదిసార్లు దాటుతుంది. పక్కన బీటా, ఇంకో చిన్న తోడు. లోపలివైపు తెరుచుకుని మూడు సోడియం అయాన్లని పట్టుకుంటుంది. ఏటీపీ నుంచి ఒక ఫాస్ఫేట్ వచ్చి అంటుకోగానే మెలిక తిరిగి బయటివైపు తెరుచుకుని వాటిని వదిలేస్తుంది. తిరిగొచ్చేటప్పుడు రెండు పొటాషియంలని తెస్తుంది.

నిర్మాణం తెలిస్తే పంపు ఎలా తిరుగుతుందో తెలుస్తుంది. ఆ పంపులతో బతికే ప్రాణి ఎంత ఖర్చు పెడుతుందో తెలియదు. తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం జువాలజీ వాళ్ళు ఎత్తుకున్నది ఈ రెండో ప్రశ్న. మడిలోని ఎండ్రకాయ రక్తం ఉప్పన, చుట్టూ నీళ్ళు చప్పన. ఒంట్లో ఉప్పు కారిపోతూనే ఉంటుంది, మొప్పల్లోని కణాలు దాన్ని మళ్ళీ లాక్కుంటూనే ఉండాలి. 1967లో ఆర్. రామమూర్తి ఈ పీతని రకరకాల ఉప్పదనాల్లో ఉంచి, అది ఎంత ఆక్సిజన్ వాడుకుంటుందో కొలిచి ప్రచురించారు. తర్వాతి దశాబ్దాల్లో అదే విభాగం, పురుగుమందులు దాని ఒంటిని ఏం చేస్తాయో చూసింది.

మన సైన్స్ చరిత్రలు నోబెల్ దగ్గర మొదలై స్ఫటికం దగ్గర ముగుస్తాయి. నాకు పేచీ అక్కడే. ఖరీదైన యంత్రాల్లేని చోట కూడా, కాలికింది ప్రాణిని చూసి సరైన ప్రశ్న వేసినవాళ్ళున్నారు. వాళ్ళు రాసింది ఇంగ్లిష్ జర్నల్స్‌లోకి వెళ్ళింది. ఆ మడిలో మందు కొట్టే రైతుకి మాత్రం ఎండ్రకాయ ఇప్పటికీ గట్టు తవ్వే పురుగే.