మండప మొకటి, నామములు రెండు

కవలలు జన్మించిన గృహమున ఆనందముతోడనే ఒక ప్రశ్నయు ఉదయించును. ఇరువురు శిశువులకును జతపడెడి పేర్లు పెట్టవలెనా, లేక ఎవరి పేరు వారిదిగా ఉంచవలెనా? హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతములలో బారసాలకు ముహూర్తము చూపించుకొనువారి యిండ్లలో ఈ చర్చ తరచుగా వినవచ్చును. పెద్దలు రామలక్ష్మణులనియో, లవకుశులనియో అందురు. యువదంపతులు ఒకే అక్షరముతో మొదలై ఒకే అక్షరముతో ముగిసెడి నూతన నామములను వెదకుదురు. ఇది కేవలము అభిరుచికి సంబంధించిన విషయమువలె తోచును. కాని ఇతిహాస పురాణములును, గృహ్యసూత్రములును, ఈ సీమ చరిత్రయు దీనికి స్పష్టమైన సమాధానమునే ఇచ్చుచున్నవి.

నామమునకు ఈ నేల ఇచ్చిన గౌరవము సామాన్యమైనది కాదు. గుత్తి దుర్గాధిపతి మురారిరావు తన తండ్రి హిందూరావు పేర హిందూపురమును నెలకొల్పెననియు, క్రియాశక్తి ఒడయరు తన తల్లి ధర్మాంబ పేర ధర్మవరమును నిర్మించెననియు ప్రతీతి. పెనుకొండకు సంస్కృతమున ఘనగిరి యని పేరు. రెండింటి అర్థమొకటియే, శబ్దములు మాత్రము వేరు. కవలల నామకరణమునకు కావలసిన సూత్రము ఈ ఒక్క ఊరి పేరులోనే ఇమిడియున్నదని చెప్పవచ్చును.

ముందుగా వేదవాఙ్మయమును చూతము. యమ శబ్దమునకు కవల యనియే మూలార్థము. వివస్వంతుని సంతానమైన యముడును యమియు జంటగా జన్మించినవారు. వారి పేర్లు లింగభేదము చేతనే వేరైనవి. యమళ శబ్దమే తెలుగు పల్లెలలో ‘అమడలు’ అను రూపమున నిలిచినది. ఇక అశ్వినీదేవతలు ఋగ్వేదమున ద్వివచనమునందే స్తుతింపబడిరి. ‘నాసత్యౌ’ అను ఒక్క పిలుపు ఇరువురికిని చెల్లినది. కాలక్రమమున ఇతిహాస పురాణములు వారిని వేరుపరచి, ఒకరిని నాసత్యుడనియు, మరియొకరిని దస్రుడనియు పిలిచినవి. ఒక్క రథమున సంచరించెడి దేవతలకు సైతము వేరువేరు నామములు అవసరమైనవన్నమాట.

రామాయణమున కవలలెవరని అడిగినచో లోకము లవకుశులనే తలచును. బాలకాండమున మరియొక జంట కలదు. సుమిత్రానందనులైన లక్ష్మణ శత్రుఘ్నులిరువురును ఆశ్లేషా నక్షత్రమున జన్మించిరి. పదునొకండు దినములు గడచిన పిమ్మట వసిష్ఠ మహర్షి నలువురు కుమారులకును నామకరణము చేసెను. లక్ష్మణ, శత్రుఘ్న నామములలో ఆద్యక్షరము కలియదు, అంత్యాక్షరము కలియదు, అర్థమును కలియదు. ఒకటి శుభలక్షణ సంపత్తిని, రెండవది శత్రుసంహారమును తెలుపును. తరువాతి కథ ఆ విభజనమునకు తగినట్లే నడచినది. లక్ష్మణుడు రామునికి నీడయై అడవికేగెను. శత్రుఘ్నుడు భరతుని ననుసరించి, అనంతరము లవణాసురుని వధించి మధురాపురిని ఏలెను. ఒక్క గర్భమున పెరిగినవారు ఒక్క మార్గమున నడువలేదు. వారి పేర్లు ఒకదానిపై నొకటి ఆధారపడియుండినచో, పదునాలుగేండ్ల ఎడబాటున ప్రతి పిలుపును లోటునే గుర్తుచేసియుండెడిది.

లవణవధకై వెళ్ళుచున్న శత్రుఘ్నుడు వాల్మీకి ఆశ్రమమున విడిసిన రాత్రియే సీతాదేవికి కవలలు కలిగిరని ఉత్తరకాండ చెప్పుచున్నది. స్వయముగా కవలయైనవాడు కవలల జననవేళ ఆ ఆశ్రమముననే యుండుట విశేషము. మహర్షి రక్షార్థమై దర్భలనిచ్చి, కుశాగ్రములచే తుడువబడిన జ్యేష్ఠునకు కుశుడనియు, లవమనెడి క్రింది భాగముచే తుడువబడిన కనిష్ఠునకు లవుడనియు పేరిడెను. దర్భ యొక్కటియే, పేర్లు రెండు. మూలమున సామ్యము, శబ్దమున భేదము. ఐనను లోకము ఆ రెంటిని కలిపి పలుకుట కలవాటుపడి, నాలుకకు అనువైన క్రమమున ‘లవకుశులు’ అన్నది. 1963లో వెలువడిన చలనచిత్రము ఆ జంటపేరును తెలుగునాట ఇంటింటికిని చేర్చినది. తత్ఫలితముగా వాల్మీకి మాటలో అగ్రజుడైన కుశుడు జనుల మాటలో రెండవవాడైనాడు. జంటనామమునకు గల స్వభావమిది. వ్యక్తిని విడిచి జంటనే నిలుపును.

పేర్లు నిజముగా జతపడిన కవలలు పురాణమున లేకపోలేదు. దితి గర్భమున జన్మించిన హిరణ్యాక్ష హిరణ్యకశిపులకు కశ్యప ప్రజాపతియే నామకరణము చేసెనని భాగవతము చెప్పును. గర్భమున ముందు నిలిచినవాడు హిరణ్యకశిపుడు. భూమిపై ముందు పడినవాడు హిరణ్యాక్షుడు. పేరులోని పూర్వార్ధము సమానము, జ్యేష్ఠత్వము సందిగ్ధము. నేటికిని వరాహమూర్తిచే హతుడైనవాడెవడు, నృసింహునిచే హతుడైనవాడెవడు అని బాలురు తడబడుచుందురు. వీరి పూర్వరూపమైన జయవిజయుల పేర్లకును ఒక్క ఉపసర్గయే భేదము. ఆ ద్వారపాలకులే తరువాత రావణ కుంభకర్ణులుగా, శిశుపాల దంతవక్త్రులుగా జన్మించినపుడు పేర్లలో ఆ జత కానరాదు. కవలలలో జ్యేష్ఠత్వము జన్మక్రమమునుబట్టియే అని మనుస్మృతి నిర్ణయించుటచే లోకవ్యవహారమున ఆ సందిగ్ధము తొలగినది. సంకల్పమున ముందు పుట్టిన శిశువు పేరే ముందు చెప్పవలెను.

ఇక గృహ్యసూత్రములు. ఆపస్తంబుడు పదవ దినమున తల్లిదండ్రులు పేరుంచవలెనని విధించి, నామలక్షణమును చెప్పెను. పురుష శిశువు పేరు రెండక్షరములో నాలుగక్షరములో కావలెను; ఘోషాక్షరముతో ఆరంభమై, నడుమ అంతస్థాక్షరము కలిగి యుండవలెను. బాలిక పేరు బేసి అక్షరములతో నుండవలెను. ఈ విధిని పాటించినచో, బాలుడును బాలికయు కవలలుగా కలిగినపుడు వారి పేర్ల అక్షరసంఖ్య కలియుట అసంభవము. సూత్రకారుడు కవలల ప్రస్తావన చేయకయే వారి పేర్లను వేరుపరచినాడు. ఆశ్వలాయనుడు అభివాదనీయ నామమును వేరుగా చెప్పి, ఉపనయనము వరకు అది తల్లిదండ్రులకు మాత్రమే తెలిసియుండవలెననెను. ఉపనయనమున ఆచార్యుడు వటువును పేరడుగును. వటువు తన పేరు తానే చెప్పవలెను. ఆ క్షణమున సోదరుడు ప్రక్కనే యున్నను, ఉత్తరము మాత్రము ఒక్కనిదే.

ఈ ప్రాంతమున పేర్లు జతపడుటకు మరియొక కారణము జ్యోతిషము. అవకహడ చక్రమున 27 నక్షత్రములకు నాలుగేసి పాదముల చొప్పున 108 పాదములు. ప్రతి పాదమునకు ఒక అక్షరము. చంద్రుడు ఒక నక్షత్రమును దాటుటకు సుమారు 24 గంటలు, ఒక పాదమును దాటుటకు సుమారు 6 గంటలు పట్టును. కవలలు సాధారణముగా నిమిషముల వ్యవధిలో జన్మింతురు గనుక ఇరువురికిని ఒకే అక్షరము వచ్చుట సహజము. పాదసంధిలో జన్మించినపుడు మాత్రమే అక్షరములు మారును. కావున ఆద్యక్షరము కలిసినంతమాత్రమున దోషమేమియు లేదు. రోహిణి రెండవ పాదమున పుట్టిన ఇరువురు బాలురకు ‘వా’ అక్షరము వచ్చినచో వామనుడనియు, వాసుదేవుడనియు పిలువవచ్చును. అక్షరము నియమము, తక్కిన నామము స్వేచ్ఛ. పైగా ఆశ్లేషకు ఈ చక్రమున చెప్పిన అక్షరములు డీ, డూ, డే, డో. వసిష్ఠుడుంచిన లక్ష్మణ శత్రుఘ్న నామములలో వాని జాడ లేదు. కనుక పాదాక్షరమును పాటించుట మంచి ఆచారమే యైనను, దానికై అర్థరహితమైన శబ్దములను కల్పించుట నిర్బంధము కాదు. ధర్మసింధువు దేవతానామము, మాసనామము, నక్షత్రనామము, వ్యావహారికనామము అని నాలుగు విధములు చెప్పినది. నక్షత్రాక్షరము నక్షత్రనామమున నిలిచినచో, వ్యావహారికనామము స్పష్టముగా వేరుగా నుండవచ్చును.

శాస్త్రము చెప్పినదానికి ఈ సీమ చరిత్రయే నిదర్శనము. హిందూపురమునకు సుమారు 15 కిలోమీటర్ల దూరముననున్న లేపాక్షి వీరభద్రాలయము అచ్యుతదేవరాయల కాలమునకు (1529–1542) చెందినది. దానిని నిర్మించినవారు విరూపణ్ణ, వీరణ్ణ అను సోదరులు. వీరు కవలలు కారు. కాని పేర్లు కవలలవంటివి. ఒకటి విరూపాక్షుని స్మరించును, మరియొకటి వీరభద్రుని; రెండును శివపరములే. ధ్వనిలో మాత్రము రెండును ఒకదానిలో నొకటి కలిసిపోవును. ఫలితమేమి? పెనుకొండ కోశాధికారిగా రాజధనమును వ్యయపరచెనన్న నింద, కన్నులను తానే పెరికి గోడకు కొట్టెనన్న కథ, అసంపూర్ణముగా మిగిలిన కల్యాణమండపము, ఇవన్నియు విరూపణ్ణ పేరనే చెప్పబడుచున్నవి. వీరణ్ణ పేరు దాని వెనుక ప్రతిధ్వనివలె మాత్రమే వినవచ్చును. ఆలయము ఇరువురిది, కథ ఒక్కరిది.

దీనికి ప్రతిగా పెనుకొండలోనే మరియొక కుటుంబము కలదు. 1565 నాటి తళ్ళికోట యుద్ధమున అళియ రామరాయలు మరణించిన పిమ్మట ఆయన సోదరుడు తిరుమలరాయలు పెనుకొండను రాజధానిగా చేసికొనెను. మరియొక సోదరుడు వేంకటాద్రి. తిరుమల యన్నను, వేంకటాద్రి యన్నను ఆ శ్రీనివాసుని కొండయే. తల్లిదండ్రులు అన్నదమ్ములకు ఒకే కొండ పేరు పెట్టిరి. ఐనను ఒకరిని పిలిచినచో మరియొకరు పలుకుట కవకాశము లేదు. చరిత్ర గ్రంథములలో ఒకరి కార్యము మరియొకరికి అంటుకొనలేదు. తరువాతి తరమును అట్లే. తిరుమలరాయల కుమారులలో శ్రీరంగరాయలు పెనుకొండనుండి, రామరాజు శ్రీరంగపట్టణమునుండి, వేంకటపతి చంద్రగిరినుండి పాలించిరి. మూడును విష్ణునామములే, మూడును మూడు స్వతంత్రమైన పేర్లు. భక్తి ఒకటిగా నుండి, పిలుపు వేరుగా నుండుట ఇదియే.

ఆధునిక కాలమునను హిందూపురమునకు ఒక ఉదాహరణము దొరకినది. 1985, 1989, 1994 ఎన్నికలలో ఈ నియోజకవర్గమునుండి గెలిచిన నందమూరి తారక రామారావు తన కుమారుల పేర్లకు చివర ‘కృష్ణ’ శబ్దమును, కుమార్తెల పేర్లకు చివర ‘ఈశ్వరి’ శబ్దమును నియమముగా చేర్చెను. వారిలో హరికృష్ణ 1996లోను, బాలకృష్ణ 2014 మొదలుకొనియు ఇదే హిందూపురమునుండి శాసనసభకు ఎన్నికైరి. ఉత్తరపదము కుటుంబమునకు చిహ్నము; పూర్వపదము వ్యక్తికి చిహ్నము. హరి, బాల శబ్దములకు నడుమ తడబాటు లేదు. కవలల పేర్లలో ఏదో ఒక బంధము కానరావలెనని మనసు పడువారికి ఇది అనుసరింపదగిన మార్గము.

నేటి వ్యవహారము ఈ వివేకమును మరింత అవసరము చేసినది. కవలలకు జననతిథి ఒకటి, తల్లిదండ్రులు ఒకరు, చిరునామా ఒకటి. ఐదేండ్లలోపు శిశువుల ఆధార్ నమోదులో వ్రేలిముద్రలు, కనుపాప చిత్రములు తీసికొనరు. అనగా పత్రములపై ఆ యిరువురిని వేరుపరచు ప్రధానాధారము పేరే. అది ఒక్క అక్షరభేదమున నిలిచినచో, పాఠశాల పట్టికలో, రేషన్ కార్డులో, టీకా పుస్తకములో ఒకరి వివరము మరియొకరికి చేరుటకు ఒక్క లేఖనదోషము చాలును. లేపాక్షి సోదరులకు కథలో జరిగినది ఈ పసివారికి కాగితములో జరుగును.

ఇంతకంటె గంభీరమైన విషయమొకటి కలదు. కవలలు తరచుగా నెలలు నిండక ముందే, అల్పభారముతో జన్మింతురు. ఇరువురును దక్కని గృహములు పూర్వకాలమున అనేకము, నేడును లేకపోలేదు. పేరు జంటలో సగముగా కూర్చబడినచో, మిగిలిన బిడ్డను పిలిచిన ప్రతిసారియు పోయిన బిడ్డ పేరే తల్లి చెవిలో మ్రోగును. జీవించియున్న శిశువు తన పేరుకు తానే యజమాని కాజాలడు. పేరు పూర్ణముగా నుండినచో దుఃఖము తగ్గదు గాని, బిడ్డ మరియొకరి శేషముగా పెరుగడు.

ఒకే తల్లి బిడ్డలకు సమీపకాలమున శుభకార్యములు చేయరాదను నియమమునకు ధర్మనిబంధములు కవలల విషయమున మినహాయింపునిచ్చినవి. వారికి ఒకే సంవత్సరమున, ఒకే దినమున, ఒకే మండపమున శుభకర్మ చేయవచ్చును. కాలము పంచుకొనవచ్చును, స్థలము పంచుకొనవచ్చును. నామమును పంచుకొనవచ్చునని మాత్రము చెప్పలేదు. బియ్యము పోసిన పళ్ళెములో బంగారు ఉంగరముతో వ్రాసిన పేరు, శిశువు కుడిచెవిలో చెప్పిన పేరు, వివాహ సంకల్పమున పలికెడి పేరు, చివరకు తర్పణమున గోత్రముతో కలిపి సంతతివారు ఉచ్చరించెడి పేరు, ఇవన్నియు ఒక్క జీవునికి చేరవలసినవి. తిలోదకము జంటకు విడువబడదు.

కావున తల్లిదండ్రులు ఇష్టదైవము నొకనిని తలచి రెండు నామములను గ్రహింపవచ్చును. ఒకే పాదాక్షరముతో ఆరంభింపవచ్చును. వంశచిహ్నముగా ఒక పదమును కలుపవచ్చును. పేర్లు నిశ్చయించిన పిమ్మట ఇంటివారిలో ఒకరు పెరటినుండి ఒక పేరు పిలిచి చూడవలెను. ఏ బిడ్డను పిలిచిరో వాకిటనున్నవారికి సందేహము లేక తెలిసినచో, ఆ నామకరణము శాస్త్రసమ్మతము.

స్వస్తి.